కరుణమ్మక్క రెండు కుర్చీలు

మొన్న కడపకు పోయే బస్సులో నా ముందు సీటాయన చీనీకాయ, అదే బత్తాయి, ఒలిచాడు. తొక్క ఘాటు నేరుగా వచ్చి కళ్ళకు కొట్టింది. పక్కన కూర్చున్న పెద్దామె విసుక్కుని ముఖం తిప్పుకుంది. నేను మాత్రం సిగ్గు విడిచి ఇంకాస్త ముందుకు వంగాను. ఆ వాసనతో నాకు కరుణమ్మక్క గుర్తొస్తుంది. మా మండలంలో తగాదా పడి ఆమె దగ్గరికి వచ్చే రైతులు చేతులూపుకుంటూ రాలేక సంచిలో చీనీకాయలు తెచ్చేవాళ్ళు. అది లంచం కాదు, మర్యాద. అక్క వాటిని ఒలిచి ఇరుపక్షాలకూ పంచేది. "నోట్లో తొన ఉన్నంతసేపూ ఎవురూ తిట్టుకోలేరు" అనేది. ఆమె పోయి రెండేళ్ళయింది. బస్సులో ఆ వాసనకు నా కళ్ళు తడిస్తే, పెద్దామె "పోనీలేమ్మా, నా సీట్లోకి రా" అంది పాపం.

అక్క ప్రభుత్వ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు నాదన్నవాళ్ళనూ, ఆ తువ్వాలు మీదే కూర్చుని కదలనన్నవాళ్ళనూ వేంపల్లె దారి పొడుగునా సర్దుతూ ఉద్యోగమంతా గడిపింది. ఆదివారం చర్చిలో ఆమె పాడితే మైకుకు పని ఉండేది కాదు. చిన్నాచితకా తగాదాలకు జనం కోర్టుల చుట్టూ తిరగకుండా మా మండల పరిషత్తు ఏటా కొంత గ్రాంటు ఇచ్చి మధ్యవర్తిత్వ కేంద్రం పెట్టినప్పుడు, ఆమెను మధ్యవర్తిగా కూర్చోబెట్టారు. మండలాఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే నన్ను ఆమెకు సాయంగా పంపారు. మాకిచ్చిన గది అంతకుముందు విత్తనాల గోడౌను. వేరుశనక్కాయల వాసన, ఎలుకలు, ఒక ఫ్యాను. కేంద్రం పేరుకు నోరు తిరక్క జనం దాన్ని కండక్టరమ్మ రూము అనేవాళ్ళు.

ఆమె పద్ధతి ఒక్కటే. గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉండేవి. తగాదా పడ్డవాళ్ళు ఒకరి కుర్చీలో ఒకరు కూర్చోవాలి. కూర్చుని, అవతలి మనిషి తరఫున, ఆ మనిషే అయినట్టు మాట్లాడాలి. బాగా మాట్లాడకపోతే అక్క ఒప్పుకునేది కాదు. "అట్ల నసుగుతావేందప్పా? ఆయప్ప నోట్లో నాలిక లేదనుకుంటివా? గట్టిగ చెప్పు" అని గదమాయించేది. మొదటి రోజు నాకిది పిల్లల నాటకంలా అనిపించి, నవ్వాపుకోలేక కంప్యూటర్ వెనక తల దాచుకున్నాను.

ఈ పద్ధతి ప్రతిసారీ పారిందని చెప్పను. సుబ్బరాయుడని ఒకాయన, భార్య లక్ష్మీదేవితో వచ్చాడు. ఇంట్లో తనొక మనిషి ఉందన్న ధ్యాసే ఆయనకు లేదని ఆమె గోడు. అక్క ఆయన్ని ఆమె కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన తువ్వాలు నెత్తిన కప్పుకుని మొదలుపెట్టాడు. "పొద్దున్నే లేసి బర్రెను పితికి, నీళ్ళు కాంచి, సంగటి చేసి పెడతాండా. ఈ మనిషి తినేసి పోతాడే గానీ బాగుండాదని ఒక్క మాట అనడు. జరమొచ్చి పడుకుంటే, ఏమయిందే అని అడగడు." చెబుతూ చెబుతూ నిజంగానే ఏడ్చేశాడు. ఇంకేముంది, కాపురం చక్కబడిందనుకున్నాం. లక్ష్మీదేవి మాత్రం లేచి నిలబడింది. "అక్కా, ఈయనకు తెలీదేమోలే అని ఇన్నాళ్ళూ ఓర్చుకుంటి. ఇంత తెలిసుండీ నోరు మూసుకోని తింటాండాడా!" అని, అట్నుంచటే పుట్టింటికి పోయింది. అక్క ఖాళీ అయిన కుర్చీని సర్దుతూ, "ఒగోసారి బస్సు వేరే ఊరికి పోతాది పాపా" అంది. నెల తర్వాత సుబ్బరాయుడు తనే సంగటి చేసి, క్యారియర్లో పెట్టుకుని అత్తగారింటికి వెళ్ళాడని విన్నాం. ఆమె తిరిగొచ్చింది. సంగటి ఎలా ఉందో మాత్రం ఇద్దరూ బయటపెట్టలేదు.

మా కేంద్రానికి గండం తెచ్చినవాళ్ళు ఓబుల్రెడ్డి, గంగిరెడ్డి అనే అన్నదమ్ములు. ఇద్దరి చీనీతోటల మధ్య ఒక బండిదారి. అది నాదంటే నాదని కోర్టుకెక్కి, వాయిదాలకు ఒకే బస్సులో, ఒకడు ముందు డోరు దగ్గర, ఒకడు వెనక డోరు దగ్గర నిలబడి పోయి వచ్చేవాళ్ళు. వాళ్ళు మా గదికి వచ్చిన రోజే, గ్రాంటు కొనసాగించాలో వద్దో చూడ్డానికి ఎంపీడీఓ గారు కూడా వచ్చి మూల కూర్చున్నారు. అన్నదమ్ములు కుర్చీలు మారారు. మా వైపు మగవాళ్ళ పౌరుషం సంగతి తెలిసిందే కదా. ఎదుటివాడి తరఫునైనా సరే, మాటకు దిగాక ఓడిపోవడం వాళ్ళ ఒంటికి పడదు. తమ్ముడి కుర్చీలో కూర్చున్న అన్న, ఆ దారి తమ్ముడిదేనని రుజువు చేసేశాడు. అన్న కుర్చీలోని తమ్ముడు ఊరుకుంటాడా? అది అన్నదేనని తాతల కాలం నుంచీ సాక్ష్యాలు తీశాడు.

"అయితే దారి నీదే, ఇచ్చేస్తాండా పో" అన్నాడు అన్న.

"నువ్వు నాకిచ్చేదేంది? నేనే నీకు వదిలేస్తాండా" అన్నాడు తమ్ముడు.

"నీ దానం నాకొద్దు!"

"నీది నాకు కావాలా?"

చొక్కాలు పట్టుకున్నారు. అక్క కండక్టరు విజిల్ ఊదితే గానీ విడిపోలేదు. "ఇద్దురూ వద్దన్నారు కదప్పా. ఇంగ ఆ దారి ఎవురిదీ కాదు. ఇద్దురి బండ్లూ పోతాయి, మూడోవాని బండి వచ్చినా అడిగేవాడు లేడు" అని తేల్చేసింది. ఇద్దరూ సంతకాలు పెట్టి, తిట్టుకుంటూనే వెళ్ళారు. కోర్టు కేసు ఆ వారమే వెనక్కి తీసుకున్నారు. ఎంపీడీఓ గారు మాత్రం ఏం రాయాలో తెలియక, "రాజీ కుదిరినది, కొట్లాట కొనసాగుచున్నది" అని రాసుకుపోయారు.

ఆ ముక్క చాలింది. మండల సమావేశంలో మా గ్రాంటు తీసేసి, ఆ సొమ్ముతో సమావేశం హాలుకు ఏసీలు పెట్టాలని అధ్యక్షుడు నాగిరెడ్డి ప్రతిపాదించాడు. గ్రాంటు పోతే గది పోతుంది, అక్క ఇంటికి పోతుంది, జనం మళ్ళీ కోర్టు మెట్లెక్కుతారు. అక్కను చివరి మాటగా ఏమైనా చెప్పుకోమన్నారు. ఆమె రెండు కుర్చీలు తెప్పించి ఎదురెదురుగా వేయించింది. "అధ్యక్షా, నువ్వు నా కుర్చీలో కూర్చోని నా రూము పక్క మాట్లాడు. నేను నీ ఏసీ పక్క మాట్లాడతా" అంది. సభ్యులు ఈలలు వేశారు. నాగిరెడ్డి నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు. కోర్టుకు పోతే ఖర్చని, కాలం వృథా అని ఏవో పొడిపొడి మాటలన్నాడు. తర్వాత ఆగి, "మా నాయన ఒగ గట్టు కోసం తిరిగీ తిరిగీ కడప కోర్టు వరండాలోనే ముసిలోడైనాడు. అప్పుడిట్లాంటి రూము ఉండింటే..." అని దగ్గి, ఊరుకున్నాడు. హమ్మయ్య, గెలిచామనుకున్నాను.

అప్పుడు అక్క మొదలుపెట్టింది. "ఈ రేకుల కింద ఎండాకాలం కూర్చుంటే మాట నోట్లోకి రాకముందే తలకాయలో ఉడికిపోతాది. అర్జీలు పట్టుకోని ఊర్లనుంచి వచ్చే ముసిలోళ్ళు ఈడ సొమ్మసిల్లి పడిపోతాండారు. పోయిన ఎండల్లో ఒగామె పడిపోతే నేనే మొగాన నీళ్ళు చల్లితి. ఇంత ఉడుకులో కోపం గాక ఏం పుడతాది? నేను ఆ రూములో చేసే పని ఈడ చల్లగాలి చేస్తాది!" ఆ గొంతుకు రేకులు అదిరాయి. సభ్యులు బల్లలు చరిచారు. చేతులెత్తమంటే అందరూ ఏసీలకే ఎత్తారు. అందరికన్నా ఆలస్యంగా ఎత్తినవాడు నాగిరెడ్డి.

బయటికొచ్చాక నేను అరిచాను. "ఏందక్కా నువ్వు చేసింది? కొంచెం నసిగుంటే మన రూము నిలబడేది కదా!"

అక్క చెప్పులు తొడుక్కుంటూ నా వైపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు నేను చూడడం అదే మొదటిసారి. "నసుగుతుంటే జనాన్ని కసిరేదాన్ని కదా పాపా. నా వంతు వచ్చేసరికి నసిగేదెట్ల? ఆ ముసిలామె పడిపోయింది నిజమే కదా" అంది.

ఏసీలు వచ్చాయి. నేను మళ్ళీ ఆఫీసు కంప్యూటర్ ముందుకు చేరాను. అక్క జీతం లేకుండా మండలాఫీసు వరండాలోనే, వేపచెట్టు నీడ పడే చోట కూర్చుని తగాదాలు తీర్చింది. మరుసటి ఏటి సమావేశంలో, చల్లటి హాల్లో, మా గ్రాంటు తిరిగి ఇవ్వాలని లేచి అడిగినవాడు నాగిరెడ్డే. "పోయిన తూరి నేనే చెప్పినా కదప్పా ఆ రూము కావాలని. ఆ మాట నన్ను నిద్రపోనీకుండా ఉండాది" అన్నాడు. అందరూ నవ్వారు, చేతులూ ఎత్తారు. అక్క పోయేదాకా ఆ గదిలోనే పనిచేసింది.

ఇప్పుడక్కడ మధ్యవర్తిని నేను. గ్రాంటు ఏ ఏటికా ఏడు సభ్యులు చేతులెత్తితేనే వస్తుంది. ఆ రోజు నన్ను మాట్లాడమంటారు. ఏ ఊళ్ళో తాగునీటి మోటారు కాలిపోయిందో, ఏ బడి పైకప్పు కారుతోందో, మా గ్రాంటుతో అవన్నీ ఎలా బాగుచేయొచ్చో ముందు నేనే చెబుతాను. తగ్గించి చెప్పను, నసగను. చెబుతున్నంతసేపూ చూపంతా సభ్యుల చేతుల మీదే ఉంటుంది. అవతలి పక్క మాటలన్నీ అయ్యాకే నా గది గురించి మొదలుపెడతాను.