నాన్న విభాగం పంపిన డబ్బా

లొరేన్‌కు ఆ కంపెనీలో ఉద్యోగం ఇప్పించింది ఆమె తండ్రి ఆర్విల్ టీగ్. ఇరవై ఆరేళ్ళుగా అతను అక్కడ పెద్ద కంప్యూటర్లకు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాలు చేయిస్తున్నాడు. అతని కింద తొమ్మిదిమంది.

1980 చివర్లో లొరేన్‌ను ఓ చిన్న బృందంలోకి తీసుకున్నారు. ఫ్లోరిడా ఎండకు ఉడికిపోయి, వానొస్తే కారిపోయే పాత షెడ్డు వాళ్ళ చోటు. ఇంట్లో బల్లమీద పట్టే కంప్యూటర్‌ను ఏడాదిలో తయారు చేయాలి. కంపెనీ సామానే వాడాలన్న కట్టుబాటు వీళ్ళకు లేదు. సొంత విభాగాలైనా బయటివాళ్ళతో పోటీపడి నెగ్గాల్సిందే. నిర్ణయం వెలువడేదాకా పరీక్షల సంగతి బయట పొక్కకూడదు.

పవర్ సప్లైలను పరీక్షించే పని లొరేన్‌ది. వచ్చినవి మూడు. ఒకటి నాన్న విభాగానిది.

"ఇద్దరం మోసుకొచ్చాం తల్లీ," అన్నాడు పక్కబల్ల దగ్గర పనిచేసే ప్రెంటిస్ అనే అతను. "మీ నాన్న దీన్ని ఇంటికోసం చేశాడా, యుద్ధనౌక కోసమా?"

"వాగింది చాలు, ప్లగ్గు పెట్టు."

వేడికి ఆగుతుందో లేదో చూసే పెట్టెలో రెండోరోజుకు నాన్న డబ్బా ఇవ్వాల్సిన ఐదు వోల్టులు కాస్తా నాలుగున్నరకు జారాయి. మూడుసార్లు చూసినా అంతే. కెపాసిటర్ అనే చిన్న భాగం ఒక్కటి మారిస్తే నిలబడుతుంది. మార్చి పంపడానికి ఇంకా వారం గడువుంది. కానీ బయటివాళ్ళ డబ్బా ఒకటి ఇలాగే పరీక్ష తప్పింది. వాళ్ళకెవరూ చెప్పలేదు.

ఆదివారం అమ్మ చేపలు వేయించింది. లొరేన్ కొడుకుని, పది నెలల మనవణ్ణి, ఒళ్ళో పెట్టుకుని ఆర్విల్ అడిగాడు.

"ఒక్క ముక్క చెప్పమ్మాయ్. మా డబ్బా ఎలా ఉంది?"

"అడక్కు నాన్నా."

"చిన్నప్పుడు నా పుట్టినరోజుకి ఏదో కొని దాచి, ఇలాగే మూతి బిగించేదానివి!" అంటూ పగలబడి నవ్వాడు.

కాదు నాన్నా, అనాలి. ఆ ఒక్క మాట చాలు, ఆయన సోమవారం డబ్బా విప్పేస్తాడు. లొరేన్ తలెత్తకుండా బాబు కోసం చేపముళ్ళు ఏరుతూ కూర్చుంది. ముళ్ళు అయిపోయాక కూడా ఏరింది.

సోమవారం ఆర్విల్ తన తొమ్మిదిమందికీ ఆర్డరు మనదేనని చెప్పాడు. పదిరోజులకు వాళ్ళ డబ్బా పరీక్ష తప్పిందని ఉత్తరం వచ్చింది. పరీక్ష కాగితం కింద కూతురి సంతకం.

ఆర్విల్ వానలో తడుస్తూ షెడ్డుకు వచ్చాడు.

"కొలత తప్పేమోనని నేనూ పరీక్ష చేసి చూశాను. నువ్వు రాసింది నిజమే."

"నాన్నా..."

"ఆదివారానికే తెలుసా?"

"తెలుసు."

"ఆర్డరు మనదేనని నమ్మి మా విభాగంలో బడ్ పెద్ద ఇంటికి మారాడే," అన్నాడు మెల్లగా. "నేను నవ్వుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వేసవికి ఆర్విల్ విభాగం మూసేశారు. ఆగస్టులో కంప్యూటర్ బజారుకొచ్చింది. షెడ్డులో అందరూ కేకు కోశారు. మనవణ్ణి చూడటం మాత్రం ఆర్విల్ మానలేదు. లొరేన్ పనిలో ఉండే వేళ చూసుకుని వచ్చేవాడు.