సగం బతుకమ్మ

ఇది మహాకావ్యానికి సరిపోయే కథ. ఇందులో ఒక రాజ్యం ఉంది. దాన్ని కాపాడుకోవాలని చివరిదాకా నిలబడ్డ వీరుడున్నాడు. ఆ వీరుడు నమ్ముకున్న ఒకే ఒక్క సైనికుడున్నాడు. ఇలా మొదలుపెడితే మీరు కాస్త సర్దుకుని కూర్చుంటారని రాశాను గానీ, రాజ్యమంటే మా హైస్కూల్లో చివరి గది, వీరుడంటే డ్రాయింగ్ సారు, సైనికుణ్ణి నేను. యుద్ధం రెండు గంటల్లో ముగిసింది. ఓడిపోయాం. నావల్లే.

మొన్న మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో ఎవరికి ఏ సారు యాదికున్నాడో రాయమన్నారు. అందరూ లెక్కల సారని రాశారు. దెబ్బలు తిన్న చోటు మనిషి మరిచిపోడు కదా. నేను డ్రాయింగ్ సారని రాశాను. కాసేపటికి, నాతో మూడేళ్లు ఒకే తరగతిలో కూర్చున్నవాడొకడు "మన బళ్లె డ్రాయింగ్ సారు ఉండెనా?" అని అడిగాడు. ఇంకొకడు "అరే, వీడు ఎప్పటిలెక్కనే జోకేస్తుండు" అని తీర్పు చెప్పేశాడు. ఆ తర్వాత ఇరవై నవ్వుల బొమ్మలొచ్చాయి. నాకు ఆ పేరుంది. నేను నిజం చెప్పినప్పుడే జనం ఎక్కువ నవ్వుతారు. ఫోను పక్కన పెట్టి కూర్చున్నాను. ఒక మనిషిని ఈ భూమ్మీద నేనొక్కణ్ణే గుర్తుపెట్టుకున్నానంటే ఎవరైనా గర్వపడాలి. నాకు మాత్రం, అందరూ బస్సు దిగిపోయాక సీటు మీద ఎవరిదో సంచి మిగిలితే అది మన ఒళ్లో వచ్చి పడ్డట్టు అనిపించింది.

మాది చౌటుప్పల్‌కు కొంచెం ఇవతల, హైవే నుంచి లోపలికి ఉన్న చిన్న ఊరు. రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ఎనిమిదో తరగతి. ప్రైవేటు స్కూళ్ల పసుపు బస్సులు మా వీధి మలుపుదాకా రావడం మొదలైంది కూడా అప్పుడే. మా బెంచీ మీద ముగ్గురం ఉండేవాళ్లం. ఒక జూన్‌లో ఇద్దరు ఆ బస్సెక్కారు. బెంచీ మొత్తం నాదే అయింది. కాళ్లు చాపుకుని కూర్చోవచ్చని పైకి సంతోషించాను. జోకు వేసినప్పుడు పక్కన మోచేత్తో పొడవడానికి ఎవరూ లేకపోతే ఆ జోకు గాలిలో కాసేపు నిలబడి కింద పడుతుంది. ఆ ఏడాది చాలా జోకులు అట్లా పడ్డాయి.

సారు పేరుకే డ్రాయింగ్ సారు. పాటల టీచరు లేదు కాబట్టి సంగీతం ఆయనకే ఇచ్చారు. ఉపన్యాసాలు నేర్పేవారు లేరు కాబట్టి అదీ ఆయనకే. శనివారం మధ్యాహ్నం మూడు కళలూ ఒకే గదిలో, ఒకే మనిషి చేతిలో ఉండేవి. హార్మోనియం తిత్తికి చిల్లు. రెండు చరణాలు పాడేసరికి మాకంటే ముందు దానికే ఆయాసం వచ్చేది. ఉపన్యాసం రోజున నన్ను బల్ల దగ్గర నిలబెట్టి, ఆయన చివరి బెంచీకి పోయి కూర్చుని, "వినపడ్తలేదు బిడ్డా, గంత మంది ఉన్నరు, జర గట్టిగ చెప్పు" అనేవాడు. గదిలో ఇద్దరమే. మిగతావాళ్లను ఆ పీరియడ్‌లో లెక్కల స్పెషల్ క్లాసుకు తోలేవారు. నాకు లెక్కలు రావు, వస్తాయన్న ఆశ కూడా ఎవరికీ లేదు. అందువల్ల నన్ను కళలకు వదిలేశారు.

ఒకరోజు హెడ్మాస్టరు తలుపు దగ్గర నిలబడి గదిని కళ్లతోనే కొలిచాడు. "సారూ, మధ్యాహ్న భోజనం బియ్యం వరండాల తడుస్తున్నయి. నాకింకో జాగా లేదు" అన్నాడు. సారు చేతిలోని సుద్దముక్కను తిప్పుతూ నిలబడ్డాడు. "జిల్లా పోటీల ఒక్క ప్రైజు పట్కరాండ్రి, పైవాళ్లకు చూపిస్త, గీ గది జోలికి రాను" అని హెడ్మాస్టరే మళ్లీ అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. బియ్యం నిజంగానే తడుస్తున్నాయి. కథకు విలన్ ఉంటే బాగుండేది. మాకు వాన దొరికింది.

సారుకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ ఆ గదిలోనే గడపాలన్నది ఆయన కోరిక. పోటీకి పంపడానికి నేను తప్ప ఎవరూ లేరు. కొంచెం గీసేవాణ్ణి కూడా. అందుకు కారణం మా ఇల్లు. మాది చిటికి పని, అంటే నూలుకు ముందే కట్లు కట్టి రంగులద్ది చీరలు నేయడం. చీర మీదికి రావాల్సిన నెమలినో పువ్వునో నాయిన ముందు గ్రాఫ్ కాగితం మీద గీస్తాడు. మొత్తం గీయడు. నూలును మడతపెట్టి, సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో కట్లు కట్టి, రంగులో ముంచుతారు. మడత విప్పితే రెండో సగం అదే వచ్చి కూర్చుంటుంది. సగానికి మించి గీసేవాణ్ణి మా నాయిన పనిలేనివాడి కింద జమకట్టేవాడు. నేను సారు దగ్గర కూడా సగం కుండ, సగం మందారం, సగం ఏనుగు గీసి ఇచ్చేవాణ్ణి. ఆయన దాన్ని పొదుపనుకున్నాడు. "షీట్లు ఖరాబు చెయ్యడు, మంచి పిల్లగాడు" అని స్టాఫ్ రూములో చెప్పేవాడట. ఆయన ఎందుకని అడగలేదు, నేను ఇందుకని చెప్పలేదు.

పోటీ నల్లగొండలో. అంశం బతుకమ్మ. నా అదృష్టానికి నాకే నవ్వొచ్చింది. బతుకమ్మ అంటే నడిమికి మడత పెట్టడానికే పుట్టినట్టుంటుంది. తంగేడు, గునుగు, కట్ల పూలు వరస తప్పకుండా పేర్చుకుంటూ పోయాను. గంటలో అయిపోయింది. పెన్సిల్ కింద పెట్టి, చేతులు కట్టుకుని, పక్కవాళ్లను చూశాను. రెండు వైపులా గీసుకుంటూ చెమటలు కక్కుతున్నారు. జాలేసింది. కిటికీ బయట సారు "గీయి, గీయి" అని వేళ్లతో సైగ చేశాడు. అయిపోయిందని తల ఊపాను. ఆయన ముఖం ఎంత వెలిగిందంటే, ఆ వెలుగు ఇప్పటికీ నాకు ఇబ్బందే.

టైమయ్యాక జడ్జిగా వచ్చినామె నా బల్ల దగ్గర ఆగింది. షీటు నడిమధ్యలో కత్తితో కోసినట్టు ఆగిపోయిన బతుకమ్మను చూసింది.

"మిగతా సగమేది బాబూ?"

"అదే వస్తది మేడం."

"ఏడికెల్లి వస్తది?"

"మడత ఇప్పితే వస్తది."

ఆమె నవ్వింది. పక్కన ఉన్నవాళ్లూ నవ్వారు. నా జీవితంలో గదంతా నవ్విన మొదటి జోకు అది. నేను జోకు వేయలేదు.

సగం బొమ్మ పోటీకి చెల్లదని షీటు నా చేతికే ఇచ్చేశారు. బయటికొచ్చాక సారు దాన్ని చూశాడు. తిడతాడనుకున్నాను. "గింతకాలం నీ ఎదురుంగనే కూసున్న, ఒక్కపారన్న అడగకపోతి" అన్నాడు. నాతో కాదు, షీటుతో అన్నాడు. గెలిస్తే పక్కనే ఉన్న పానగల్ పాత గుళ్లు చూపిస్తానని పొద్దున బస్సులో చెప్పి ఉన్నాడు. ఓడినా ఆటో ఎక్కించాడు. గుడి రాతి అరుగు మీద కూర్చుని టిఫిన్ డబ్బా మూతలో నాకు పులిహోర పెట్టి, తను షీటు ఒళ్లో పెట్టుకుని రెండో సగం గీయడం మొదలుపెట్టాడు. ఆయన వైపు పూలు నావాటిలా వరసలో నిలబడలేదు, గాలికి కొంచెం వంగాయి. రెండు సగాలూ అసలు కలవలేదు.

"ఇగ అయింది సూడు" అన్నాడు.

"ఇప్పుడు ఇస్తే ప్రైజు ఇస్తరా సార్?"

"ఎవడిస్తడ్రా, టైమయిపాయె" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆయన నా కంటే ముందు ఆపేశాడు.

సోమవారం ఎవరూ చెప్పకముందే సారు గది ఖాళీ చేశాడు. గోడల మీది సగం ఏనుగును, సగం మందారాన్ని చింపకుండా తీసి చుట్టచుట్టాడు. తర్వాత రెండేళ్లూ ఏ టీచరు రాకపోతే ఆ తరగతికి పోయి, అల్లరి చేయకుండా కాపలా కూర్చున్నాడు. శనివారాలు నేను లెక్కల క్లాసులో చివరి బెంచీ మీద ఉండేవాణ్ణి. వరండాలో ఎదురైతే "తిన్నవా బిడ్డా?" అనేవాడు. "తిన్న సార్" అనేవాణ్ణి. ఇంకా ఏదైనా అనాలని ఇద్దరికీ ఉండేదనుకుంటాను, కానీ నిలబడి మాట్లాడుకునే మాటలు కావవి. ఇద్దరు మనుషులు దూరం కావడానికి తగాదాలేమీ అక్కర్లేదు. కలిసి కూర్చునే చోటు ఒకటి పోతే చాలు, మిగతా పని కాలం చప్పుడు లేకుండా చేసుకుపోతుంది.

ఆ వానాకాలమంతా ఆ గదిలో బియ్యం ఒక్క బస్తా కూడా తడవలేదు.