రంజాన్ నెలలో మధ్యాహ్న భోజనం

మా నాన్న ఏలియాకు దొరికిన నిద్రలో సగం, ఖలందర్ మామ నమాజు చేసుకునే వేళల్లో దొరికిందే. అతిశయోక్తి అనిపిస్తే తప్పు నాది కాదు, ఆ రోజుల్లో లారీలు నడిపించినవాళ్ళది.

ఇద్దరూ మాచర్లలో ఒకే షావుకారు దగ్గర డ్రైవర్లు. మా ఇల్లు రెంటచింతల, ఆయన ఇల్లు మాచర్ల. అప్పుడు సాగర్ డ్యాము కడుతున్నారు. పొద్దున సిమెంటు బస్తాలతో డ్యాముకు రెండు ట్రిప్పులు. సాయంత్రం గురజాలలో మిరపకాయల టిక్కీ బస్తాలు ఎక్కించుకుని గుంటూరు. అక్కణ్ణించి డ్యాముకు ఇనప ఊచలు వేసుకుని తెల్లారేసరికి వెనక్కి. రెండు లారీలూ ఎప్పుడూ ఒకదాని వెనక ఒకటి వెళ్ళేవి. నమాజు వేళయితే మామ బండి ఆపి, రోడ్డు పక్కన గళ్ళ తువ్వాలు పరిచేవాడు. ఆ పది నిమిషాలూ మా నాన్న స్టీరింగు మీద తల ఆనించి నిద్రపోయేవాడు. తర్వాత మామ వచ్చి తలుపు మీద కొట్టి, "లే బావా, దేవుడు నీకిచ్చిన టైము అయిపోయింది" అనేవాడు.

ఖలందర్ మామ పొడుగ్గా, సన్నగా, కొంచెం వంగి ఉండేవాడు. చదువు లేదు, చేతికి గడియారం లేదు. రోడ్డు మీద గేదె పడుకుంటే హారన్ కొట్టడు. దిగి, దాని వీపు తట్టి లేపి, అది తీరిగ్గా పక్కకు పోయిందాకా నిలబడతాడు. వెనక లారీలోంచి మా నాన్న తిట్టే తిట్లు మాత్రం ఊరంతా వినేది. అబద్ధం చెప్పడం మామకు చేతకాదని మా అమ్మ పున్నమ్మ అనేది. అదొక గొప్పా అని నాకప్పుడు అనిపించేది. పదిహేనేళ్ళ పిల్లకు అబద్ధం ఎంత సులువో తెలుసు గానీ, ఒక్కోసారి నిజం ఖరీదెంతో తెలియదు.

అరవై ఒకటిలో లారీ పనివాళ్ళకు చట్టం వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలే పని, అంతకు మించితే గంటకు రెట్టింపు జీతం. ఎక్కిన వేళ, దిగిన వేళ రాసే పుస్తకం ప్రతి డ్రైవరు దగ్గరా ఉండాలి. చట్టం ఢిల్లీ నుంచి పల్నాడు చేరడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. చేరిన రోజునే మా షావుకారు గుమాస్తా ప్రభాకరరావు దాన్ని తీసుకుని తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. డ్రైవర్ల పుస్తకాలన్నీ ఆయన దగ్గరే ఉండేవి. నెలాఖరున ఒక్కసారే కూర్చుని అన్నీ తనే నింపేసేవాడు. ఆరింటికి ఎక్కడం, పన్నెండు నుంచి రెండు దాకా మాచర్ల హోటల్లో భోజనం, విశ్రాంతి, నాలుగింటికి దిగడం. సరిగ్గా ఎనిమిది గంటలు. ఆ పుస్తకం ప్రకారం మా నాన్న రోజూ నాలుగింటికల్లా పని ముగించుకుని ఇంటికొచ్చేవాడన్నమాట. ఆ నాన్నను మేమెప్పుడూ చూడలేదు.

అరవై నాలుగు ఫిబ్రవరి మొదట్లో, రంజాన్ నెలలో ఒక తెల్లవారుజామున, గుంటూరు నుంచి తిరిగొస్తున్నారు. ముందురోజు తెల్లారగట్ల నాలుగింటికి ఎక్కినవాళ్ళు ఇరవై నాలుగు గంటలు దాటినా దిగలేదు. మా ఊరు రెండు మైళ్ళుందనగా మామ నమాజుకు బండి ఆపాడు. "నువ్ కానియ్ బావా, ఊరు కనపడతానే ఉంది. ఇంటికాడ పడుకుంటా" అని మా నాన్న ఆగకుండా ముందుకు పోయాడు. తూము దగ్గర లారీ పల్టీ కొట్టింది. ఆ చప్పుడు విని మామ నమాజు మధ్యలో వదిలేసి పరిగెత్తాడు. జన్మలో అలా వదిలేసింది అదొక్కసారే.

జాకీ పెట్టి కేబిన్ ఎత్తి, నాన్నను భుజాన వేసుకుని, తన లారీలో గురజాల ఆస్పత్రికి తెచ్చాడు. అమ్మా నేనూ వెళ్ళేసరికి ఆయన చొక్కా అంతా నాన్న నెత్తురే. డాక్టరు వెనకాల, మందుల కోసం, మంచం కోసం, మధ్యాహ్నం దాకా తిరుగుతూనే ఉన్నాడు. పన్నెండు దాటాక ఆస్పత్రి అరుగు మీద కూలబడ్డాడు. కళ్ళు తేలేశాడు. అమ్మ గ్లాసుతో గంజి తెచ్చి ఆయన నోటి దగ్గర పెట్టింది. "ఒక్కపొద్దమ్మా" అని ఆయన మొహం తిప్పుకున్నాడు. "మాట్లాడమాక తాగన్నా. నువ్వు గూడా పడితే నాకు దిక్కెవరు?" అని అమ్మ బలవంతాన తాగించింది.

నాన్నకు మోకాలి కింద కాలు తీసేశారు. ఆ గాయం మానకముందే షావుకారు లేబరు ఆఫీసుకు కాగితం పెట్టాడు. ఏలియా ఆ రోజు నాలుగింటికే పని దిగాడట. రాత్రి యజమానికి చెప్పకుండా లారీ దొంగతనంగా తీసుకుని సొంత కిరాయికి పోయాడట. కావాలంటే పుస్తకం చూసుకోండట. అది నిలబడితే మాకు నష్టపరిహారం రాదు. దానికన్నా నాన్నను తినేసింది దొంగ అన్న మాట. అది విన్న రోజు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు, రెండు రోజులు ఇటు తిరగలేదు. కాలు పోయినప్పుడు కూడా అలా పడుకోలేదు.

మార్చిలో నరసరావుపేట బంగళాలో విచారణ అన్నారు. ముందురోజు గుమాస్తా మామను పిలిచి ఆయన పుస్తకం చేతిలో పెట్టి, నెల నెలకూ వేలిముద్ర వెయ్యమన్నాడు. విచారణలో తెల్లారి డ్యూటీ ఎక్కి గురజాల వైపు వస్తుంటే పడిపోయిన లారీ కనపడిందని చెప్పమన్నాడు. చెబితే కొత్త లారీ ఆయనదే. చెప్పకపోతే ఏ లారీ లేదు. "చదివించుకోకుండా ఏలెయ్యను" అని మామ ఆ పుస్తకం పట్టుకుని తిన్నగా మా ఇంటికొచ్చాడు.

నేను దీపం దగ్గర పెట్టుకుని చదివాను. అన్ని రోజులూ ఒకటే పాట. పన్నెండు నుంచి రెండు దాకా భోజనం, పన్నెండు నుంచి రెండు దాకా భోజనం. ఫిబ్రవరికి వచ్చేసరికి మామ ఆపమన్నాడు.

"మళ్ళీ చదువు దయామణీ. నేనేం చేశానంట?"

"హోటల్లో భోజనం చేశావంట మామా."

ఆయన ఒక నిమిషం నా మొహంకేసి చూసి, ఆ తర్వాత పగలబడి నవ్వాడు. ఎన్నాళ్ళకో నాన్న కూడా నవ్వాడు. ఎనిమిది గంటలు కుదిరేలా అంత శ్రద్ధగా రాసిన ప్రభాకరరావు, తన ఎదురుగానే రోజూ ఎండిన పెదాలతో లారీ ఎక్కే మనిషి మొహం ఒక్కసారైనా చూడలేదు.

వేలిముద్ర వెయ్యకుండానే మామ ఆ పుస్తకం తెచ్చి విచారణలో ఆఫీసరు ముందు పెట్టాడు. ఆఫీసరు అడిగింది కూడా దాని గురించే.

"పుస్తకంలో రాసింది నిజమేనా?"

"నేను రాసింది గాదయ్యా. నేను రోజూ మధ్యాన్నం అన్నం తిన్నానంట. అది రంజాన్ నెల."

ఆఫీసరు తల ఎత్తి, బంగళా వాచ్‌మన్ జహంగీర్‌ను అడిగాడు. "మొన్న ఫిబ్రవరి నడిమిలో పండగ చేసుకున్నాం దొరా. అంతకుముందు నెలంతా ఒక్కపొద్దులే" అన్నాడు జహంగీర్. గుమాస్తా జేబురుమాలు తీశాడు. షావుకారు కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు.

"అయితే నెలంతా ఉపవాసం ఉన్నావా? ఒక్కరోజు కూడా తప్పలేదా?"

ఇక్కడ మామ అవునంటే సరిపోయేది. ఎవరూ వెళ్ళి వెతికేది లేదు. అవునను, అవునను అని నేను లోపల లోపల మొక్కుకున్నాను. ఆయన తల వంచుకున్నాడు.

"ఒక్కరోజు తప్పిందయ్యా."

"చూశారా సార్!" గుమాస్తా లేచాడు.

"ఏలియా బండి పడ్డ రోజు. పుస్తకంలో ఆ రోజూ మాచర్ల హోటల్లో తిన్నానని ఉంది. నేను తాగింది గురజాల ఆస్పత్రి అరుగు మీద, గంజి. అంతకుముందు రోజు తెల్లారగట్ల నాలుగింటి నించి నేనూ, ఏలియా బండి దిగలా. మమ్మల్ని పంపింది వీళ్ళే. దొంగబండయితే నా బండి గూడా దొంగబండే. నన్ను గూడా రాసుకోండి."

వెనక నుంచి మా అమ్మ లేచింది. "నేనే తాగించానయ్యా. వద్దంటున్నా తాగించా" అంది. ఆమె గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు.

ఆఫీసరు నాన్న పుస్తకం, మామ పుస్తకం పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకే చేతిరాత, ఒకే సిరా, ఒకే భోజనం. ఒక్కరోజు తప్పానని తనంతట తను చెప్పినవాడు మిగిలిన రోజుల గురించి అబద్ధం ఎందుకు చెబుతాడని షావుకారునే అడిగాడు.

నెల తిరక్కముందే కాగితం వచ్చింది. ఏలియా యజమాని పని మీదే ఉన్నాడు, దొంగతనం లేదు, నష్టపరిహారం ఇవ్వాలి. డ్రైవర్లందరికీ దాటిన గంటల జీతం కట్టాలి, పుస్తకాలు వాళ్ళ చేతికే ఇవ్వాలి. నేను చదువుతుంటే నాన్న మూడుసార్లు చదివించుకున్నాడు, దొంగతనం లేదు అన్నచోట మాత్రం. ఖలందర్ మామ ఉద్యోగం అప్పటికే పోయింది. పిడుగురాళ్ళలో ఇంకో లారీ దొరికిందాకా నాలుగు నెలలు రాళ్ళు కొట్టాడు. నేను ఎందరో పెద్దమనుషుల్ని చూశాను గానీ, ఆయన ముందు నిలబెడితే ఒక్కరూ ఆగరు.

కాగితం వచ్చిన వారానికి, ఒకరోజు మాపటేళ మామ మా ఇంటికొచ్చాడు. తప్పిన ఆ ఒక్కపొద్దు ఆ రోజు తీర్చుకుంటానని ముందురోజే అమ్మతో అన్నాడట. ఇక్కడే విడుస్తానని, జేబులో నాలుగు ఖర్జూరాలు వేసుకొచ్చాడు. పొద్దు గుంకగానే అమ్మ రెండు గ్లాసులతో గంజి తెచ్చి, ఒకటి ఆయన చేతికిచ్చి, రెండోది తన ముందు పెట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, అమ్మ పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదు.

"నువ్వెందుకమ్మా?" అన్నాడు మామ.

"ఆ రోజు నీ చేత విడిపించింది నేనే గదన్నా. తీర్చేది నువ్వొక్కడివే ఎట్టయితది?" అంది అమ్మ.

మామ ఒక ఖర్జూరం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ముందు అమ్మ తిన్నాకే ఆయన తిన్నాడు.