ఉన్నది ఉన్నట్టు చదివిన పోస్టుమాస్టారు

బెజవాడలో మా ఇంటి దగ్గరి పోస్టాఫీసులో ఇప్పటికీ ఒక జిగురు డబ్బా ఉంది. అందులో ఒక పుల్ల, పుల్లకి చుట్టిన గుడ్డపీలిక, దాని చుట్టూ ఏనాటినుంచో గడ్డకట్టిన జిగురు. నిన్న కవరు అంటించబోతుంటే ఆ పులిసిన మైదా వాసన ముక్కుకి తగిలింది. వాసనలకి కళ్లు చెమ్మగిల్లే రకం కాదు నేను. అయినా వెనక నిలబడ్డాయన "కానివ్వండి సార్, అది గుడి కాదు" అనేదాకా అక్కణ్ణుంచి కదల్లేకపోయాను. తిరువూరులో రంగారావు గారి చేతులు ఎప్పుడూ ఇదే వాసన వేసేవి.

రంగారావు గారు ఎ.కొండూరులో పోస్టుమాస్టరుగా చేసి, రిటైరయ్యాక తిరువూరు వచ్చి స్థిరపడ్డారు. అందరికీ ఆయన పోస్టుమాస్టారే. మా బడి కమిటీకి అధ్యక్షులు. మా బడి అంటే, మామూలు బళ్లలో మొద్దులని పేరుపెట్టి వెనక బెంచీకి, అక్కణ్ణుంచి ఇంటికి తోసేసిన పిల్లల బడి. వాళ్ల తెలివికేం లోటు లేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలే వాళ్ల కళ్లముందు కుదురుగా నిలబడవు. బి.ఇడి. సీటు రాక, ఇంట్లో మా నాన్న చూపులు భరించలేక, రెండువేల ఒకటిలో నేనందులో చేరాను. పేరుకి టీచర్ని. పాఠాలు చెప్పటం, గంట కొట్టటం, చేతిపంపు బాగుచేయించటం, నెలకోసారి కమిటీ మీటింగు మినిట్స్ రాయటం నా పనులు. నాకప్పటికి ఇరవై రెండేళ్లు. ఎవరైనా ఏడుస్తుంటే రుమాలు ఇచ్చి, ఉతికి తిరిగివ్వమని చెప్పే రకాన్ని.

కమిటీలో పోస్టుమాస్టారు కాక మాట్లాడేవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లు టీ తాగేవాళ్లు. ఒకరు రైసుమిల్లు సుబ్బారావు గారు. తన పాత గోడౌను బడికి ఇచ్చారు కాబట్టి, పిల్లలు కూడా బస్తాల్లాగా ఎప్పటికప్పుడు తయారై బయటికి వెళ్లాలని ఆయన ఆశ. రెండోవారు గుడి పూజారి గారి భార్య లలితమ్మ గారు. ఆమె చిన్నవాడు మా బడిలోనే ఉండేవాడు. ప్రతి మీటింగులోనూ సుబ్బారావు గారిది ఒకటే మాట: "గేటు దగ్గర బోర్డు మీద రాయటానికి ఒక్క పాసైన పేరు చెప్పండమ్మా, చాలు." లలితమ్మ గారు తొణక్కుండా అనేవారు: "మావాడి పేరు రాయండి. రాసింది తప్పని వాడు చదివి చెప్పలేడు, మీకేం భయంలేదు." నవ్వాలో వద్దో తెలియక సుబ్బారావు గారు బిస్కెట్టు తీసుకునేవారు.

ఆ మీటింగులకి ఒక ఆచారం ఉండేది, పోస్టుమాస్టారు పెట్టింది. ఏ పిల్లల గురించి మాట్లాడాలో ఆ పిల్లల తల్లో తండ్రో వచ్చి కమిటీతో సమానంగా కుర్చీలో కూర్చోవాలి. కిందటి నెల వాళ్ల పిల్లల గురించి రాసిన మినిట్స్ వాళ్ల ముందే పైకి చదవాలి. మా బడి పిల్లల తల్లిదండ్రుల్లో చాలామందికి చదువు రాదు. ఎ.కొండూరులో అరుగు మీద కూర్చుని ఊరివాళ్లకి వచ్చిన ఉత్తరాలన్నీ చదివి వినిపించిన మనిషి ఆయన. "ఒక్క ముక్క కూడా మింగకూడదయ్యా," అనేవారు నాతో, మినిట్స్ పుస్తకం ఊడిపోయిన వీపుకి ఇంట్లో కాచి తెచ్చిన మైదా జిగురు పూస్తూ. అందులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కూడా కలిపేవారు. "మంచి కబురైనా చెడ్డ కబురైనా అది వాళ్ల సొత్తు. మధ్యలో నీ దయ ఎవడడిగాడు?"

నేను అడ్డంగా దొరికిపోయింది ఆ ఆచారం దగ్గరే. మా బడిలో సలోమి అని పదేళ్ల పిల్ల ఉండేది. వాళ్లది పెనుగొలను. తల్లి మరియమ్మ పత్తి కూలికి వెళ్లేది. సలోమి ఒకసారి విన్నది మరిచిపోయేది కాదు. కథ చెబితే కథా, మధ్యలో నేను దగ్గిన దగ్గూ కూడా తిరిగి అప్పజెప్పేది. అక్షరం మాత్రం ఆమె చేతికి చిక్కేది కాదు. ఒక నెల మినిట్స్ రాస్తూ, టీ తాగేవాళ్లు కూడా లేచి కూర్చోవాలనే దుగ్ధతో ఇలా రాశాను: "సలోమి అ నుంచి ఆ దాకా రావటానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇదే వేగంతో వెళితే ఱ చేరేనాటికి పాపకి వృద్ధాప్య పెన్షను కూడా శాంక్షనవుతుంది." రాసి, నాలో నేనే నవ్వుకుని, పుస్తకం మూసేశాను.

పై నెల మరియమ్మ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. పక్కన సలోమి నిలబడింది. పోస్టుమాస్టారు కళ్లజోడు సర్దుకుని చదవటం మొదలుపెట్టారు. ఆ వాక్యం వచ్చింది. ఆయన నా వైపు చూస్తే బాగుండేది, చూడలేదు. అక్షరం వదలకుండా చదివేశారు. సుబ్బారావు గారు పగలబడి నవ్వారు. అందరూ నవ్వుతున్నారని మరియమ్మ కూడా కొంచెం నవ్వి, కూతుర్ని అడిగింది: "ఏందంటనే?"

"నాకు చదువొచ్చేసరికి ముసల్దాన్నయిపోతానంట," అంది సలోమి, పాఠం అప్పజెప్పినట్టు.

మరియమ్మ నవ్వు ఆపి, చెంగు సర్దుకుంది. కోపం తెచ్చుకున్నా బాగుండేది. "అయితే అందాకా పత్తి తీసిద్దిలెండి," అని పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. మర్నాడు సలోమి రాలేదు. ఆ తర్వాతి రోజు కూడా రాలేదు.

మూడోరోజు నేను తెల్లకాగితం ముక్కా, ఆయన జిగురు సీసా తీసుకుని ఆ వాక్యం మీద అంటించబోతుంటే పోస్టుమాస్టారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"తప్పు కప్పుతున్నానండి."

"చదివి వినిపించింది కాగితంతో పోతుందా? ఆ పిల్ల మరిచిపోదని చెప్పింది నువ్వేగా. దాని కిందే ఇంకో వాక్యం రాయి. ఎవరికి మొదటిది వినిపించామో వాళ్లకే అదీ వినిపిద్దాం."

రాసుకొచ్చాను. మనస్తాపం, పశ్చాత్తాపం, విశాల హృదయం, అన్నీ పడ్డాయి. ఆయన చదివి, "ఇది క్షమాపణా, పెళ్లి శుభలేఖా?" అన్నారు. మళ్లీ రాశాను. పెనుగొలను వెళ్తూ, గంపలగూడెం వైపు షేర్ ఆటోలో, ఎరువు బస్తాకీ ఆయనకీ మధ్య నలుగుతూ, మూడోసారి రాశాను. దారిలో గుంతలు ఎక్కువై ఆటో పడవలా ఊగుతుంటే ఏదో జోకు వేయబోయాను. "దాచుకో. అక్కడ ఆ అమ్మాయి ముందు వేయగలిగినదైతే వెయ్యి," అన్నారు. దాచుకున్నాను.

మరియమ్మ చేలో పత్తి తీస్తోంది. సలోమి నడుముకి కూడా ఒక గుడ్డసంచి వేలాడుతోంది. పోస్టుమాస్టారు చెప్పులు విడిచి గట్టు మీద నిలబడి, పుస్తకం నా చేతికిచ్చారు. అంతకుముందెన్నడూ ఆ పుస్తకం ఆయన తప్ప ఇంకొకరు చదివి వినిపించలేదు. "సలోమి ఎనిమిది నెలల్లో ఒక అక్షరం నేర్చుకుంది. ఆ ఎనిమిది నెలల్లో ఆమెకి ఎలా చెప్పాలో టీచరు శ్రీధర్ నేర్చుకోలేదు," అని చదివాను. అంత చిన్న వాక్యం చదవటానికి గొంతు రెండుసార్లు తడుపుకోవలసి వచ్చింది.

మరియమ్మ చేతులు ఆగలేదు. "సరేలే బాబూ. మరి ఇకనుంచైనా వచ్చిద్దా దీనికి?"

నేను వస్తుందని చెప్పబోయాను. పోస్టుమాస్టారు అడ్డుపడ్డారు. "తెలియదమ్మా. వస్తుందని అబద్ధం చెప్పను. ఇంకో రకంగా చెప్పి చూస్తాం."

సలోమి నా వాక్యాన్ని యథాతథంగా, గొంతు తడుపుకున్న రెండు చోట్లతో సహా అప్పజెప్పింది. తర్వాత కాసేపు ఆలోచించి, "ఆ పెన్షను మాటే బాగుంది సార్. ఇంకోళ్ల మీదైతే నేనూ నవ్వేదాన్ని," అంది.

పోస్టుమాస్టారు నవ్వటం నేను మొదటిసారి చూసింది అక్కడే. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మరియమ్మ మూతి బిగించుకుంది గానీ నిలవలేదు. "పత్తి రెండో తీత అయినాక పంపిస్తా," అంది.

పంపించింది. ఇంకో రకం అంటే ఏమిటో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఒకరోజు ఆయన అట్టముక్క మీద జిగురుతో పెద్ద అక్షరం రాసి, దానిమీద కట్టలేరు వాగు ఇసుక చల్లి, ఎండబెట్టి తెచ్చారు. "కళ్లకి కదిలేది వేలికి కదలదేమో చూడు," అన్నారు. సలోమి కళ్లు మూసుకుని గరగరలాడే ఆ అక్షరాన్ని వేలితో తడిమింది. అద్భుతమేమీ జరగలేదు. ఆ వేలు ఱ చేరేసరికి రెండేళ్లు పట్టింది. పెన్షను వయసుకి ఇంకా చాలా దూరంగానే ఉంది. ఆ రెండేళ్లూ పోస్టుమాస్టారి గోళ్లలో ఇసుకా, నా చొక్కాల మీద మైదా. బోర్డు మీద పేరు రాయిద్దామని సుబ్బారావు గారు అట్ట తయారైన ప్రతిసారీ పెయింటరుకి కబురు చేసేవారు.

తర్వాత నాకు బెజవాడలో ఉద్యోగం వచ్చింది. వీడ్కోలు రోజు నేను అందర్నీ నవ్వించాను, ఆయన్ని తప్ప. మూడేళ్లపాటు ఇదిగో వస్తా అదిగో వస్తా అంటూ వెళ్లలేదు. చివరికి ఒక పొడుగాటి ఉత్తరం రాశాను. చేలో ఆయన విడిచిన చెప్పుల మీదా, కళ్లజోడు మీదా, శుభలేఖ మీదా అన్నీ వేళాకోళాలే. అసలు సంగతి ఎక్కడా రాయలేదు. ఉత్తరం చేరిన కొన్నాళ్లకే ఆయన పోయారని లలితమ్మ గారు ఫోన్ చేశారు. అప్పటికి ఆయనకి చూపు ఆనటం లేదట. ఉత్తరం సలోమి చదివి వినిపించిందట. "రెండు సాయంత్రాలు పట్టిందయ్యా. పిల్ల ఒకచోట తడబడి, పోనీలే అని ముందుకెళ్లబోతే మాస్టారు ఒప్పుకోలేదు. మింగొద్దమ్మా, అది నా సొత్తు అన్నారు," అని చెప్పారామె. నవ్వారా అని అడుగుదామనుకున్నాను. ఆమె ఏడుస్తున్నారు. రుమాలు మాట నాకు గుర్తుకు రాలేదు.

ఇప్పటికీ ఏది రాసినా, ఎవరి గురించి రాశానో వాళ్లు కూర్చున్నట్టు ఒక కుర్చీ ఎదురుగా వేసుకుని పైకి చదువుతాను. కుర్చీ నవ్వకపోతే కొట్టేస్తాను. మా ఆవిడ మొదట్లో భయపడింది, ఇప్పుడు ఆ కుర్చీలో ఉతికిన బట్టలు పెడుతోంది. నిన్న అంటించిన కవరు పెనుగొలనుకే. పోస్టుమాస్టారు నా ఉత్తరంలో ఏ వాక్యం దగ్గర నవ్వారో, అసలు నవ్వారో లేదో, ఉన్నది ఉన్నట్టు రాయమని సలోమికి రాశాను. మరీ తొందరేమీ లేదని, ఎనిమిది నెలలైనా ఎదురుచూస్తానని కింద ఇంకో వాక్యం చేర్చాను. కుర్చీకి చదివి వినిపించాకే అంటించాను.