ఓనరమ్మ వద్దన్న చదరంగం

పోయిన నెలలో ఓ మంగళవారం పొద్దున్నే ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పోయింది. నిద్రల్నే పోయింది. పరేషాన్ ఏం పడలే" అన్నాడు. ఫోన్ పెట్టేసి మా ఆయనతో "మా ఓనరమ్మ పోయింది" అన్నాను. మేం ఎల్బీనగర్‌లో సొంత ఫ్లాటు కొనుక్కుని వచ్చేసి చాలా ఏళ్లయింది. ఇంకా ఓనరమ్మ ఏమిటని ఆయనా అడగలేదు, నాకూ తోచలేదు.

అద్దె ఇళ్లలో బతికినవాళ్లకు ఓనరంటే నీళ్ల మోటారు, గోడకు మేకు కొట్టొద్దనే హెచ్చరిక గుర్తొస్తాయి. నాకు మాత్రం గుర్రం గుర్తొస్తుంది. కొత్తపేటలో ఆమె ఇంటి పైవాటాలో మేం దిగిన కొత్తలో, ఒక సాయంత్రం నేను కూరగాయల సంచితో వస్తుంటే ఆమె వరండాలో చాప మీద చదరంగం పరుచుకుని రెండువైపులా తనే ఆడుకుంటోంది. గుడివాడలో కాలేజీ రోజుల్లో ఓ కప్పు గెలిచినదాన్ని, కాళ్లు ఆగిపోయాయి.

"వస్తదా?" అంది తల ఎత్తకుండానే.

"వస్తుందండీ పిన్నిగారూ" అన్నాను, కాస్త గొప్పగానే.

సంచి పక్కన పెట్టి కూర్చున్నాను. ఆట రంజుగా సాగుతుండగా ఆమె రాజును రెండు వేళ్లతో పట్టుకుని గుర్రంలా ఎగరేసి అవతల గడిలో పెట్టింది. నేను నోరు తెరిచాను.

"రాజు అలా ఎలా వెళ్తాడండీ?"

"షా, గదే మీ చెక్, పడకముందు ఒక్కపారి దుంకొచ్చు. నల్లగొండల మా మేనమామ గట్లనే నేర్పిండు."

"రూల్స్‌లో లేదండీ."

"ఎవల రూల్స్?"

ఆ రోజు ఆట అక్కడే ఆగింది. నేను సంచి పట్టుకుని మెట్లెక్కాను, ఆమె బోర్డు మడిచేసింది. ఇద్దరం బాగానే అలిగాం. మర్నాడు తనే పిలిచి రాజీ కుదిర్చింది. రాజును ఏనుగు చాటుకు చేర్చి నేను కోట కట్టుకునేదాన్ని కదా, ఆమె లెక్కలో అదీ తప్పే. "నీ కోట నువ్వు కట్టుకో, నా రాజు దుంకుతడు" అంది. ఆ తర్వాత మేం ఆడిన ఆట లోకంలో ఇంకెక్కడా లేదు. నల్లగొండది సగం, కృష్ణా జిల్లాది సగం.

ఆమెకు ఇంకో అలవాటుండేది. నా మంత్రిని కొట్టే వీలు తనకు చిక్కితే వెంటనే కొట్టేది కాదు. "మంత్రి పైలం" అని ముందు చెప్పేది. నేను చూసుకుని జరుపుకోవాలి. చూసుకోకపోతే అప్పుడు కొట్టేది, అదీ నాకంటే ఎక్కువ బాధపడుతూ. "చెప్పి కొట్టాలె బిడ్డా, చెప్పకుండ కొట్టుడు మంచిగుండదు" అనేది. చేతిలో పావు పట్టుకుని నేను ఎంతసేపు తటపటాయించినా ఏమనేది కాదు. చిక్కుళ్లకు ఈనెలు తీసుకుంటూ కూర్చునేది. తను గెలిచినరోజు మాత్రం ఆ చిక్కుళ్ల కూర నాకు ఓ గిన్నెడు ఎక్కువ పంపేది. అది జాలో వెక్కిరింతో నేనెప్పుడూ తేల్చుకోలేకపోయాను, కూర మాత్రం శుభ్రంగా తినేసేదాన్ని.

అవి ఉద్యమం ఊపు మీదున్న రోజులు. బంద్ అంటే దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే కోచింగ్ సెంటర్ మూత, బస్సులు బంద్. మా ఇద్దరికీ ఆట. పొద్దున ఆమె చౌరస్తాలో వంటావార్పుకు పోయేది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ కలిసి తింటూ చేసే నిరసన అది. జెండా పట్టుకుని, గొంతు బొంగురు పోయేదాకా నినాదాలిచ్చి, మధ్యాహ్నానికి స్టీలు డబ్బాలో అక్కడి పులిహోర తెచ్చి నా చేతిలో పెట్టేది. "తిను. మీ ఆంధ్రోళ్ల లెక్క చింతపండు ఎక్కువేసిన్రు" అని నవ్వేది. నేను ఊరుకునేదాన్నా? "మా రాజ్యం మీకొద్దు కానీ మా పులిహోర కావాలా పిన్నిగారూ" అనేదాన్ని. "మా తెలంగాణ మాగ్గావాలె. గది అడిగేది సర్కారును, నిన్ను గాదు. ఆడు" అనేది.

మా ఊళ్లో వాళ్లకు ఈ పులిహోర సంగతి తెలియదు కదా. వాళ్లకు తెలిసింది టీవీ ఒక్కటే. సాయంత్రం అయితే చాలు అమ్మ ఫోన్. "వచ్చేయండే, విజయవాడలో ఇల్లు చూస్తాను" అని. మా ఆయన ఆఫీసులో బదిలీ అడిగితే ఇచ్చేలాగే ఉన్నారు. రోజూ వినగా వినగా నా మనసూ ఊగింది. నిజం చెప్పాలంటే ఇల్లు వదలడం నాకు పెద్ద బెంగ కాదు. నేను వెళ్లిపోతే ఆ వరండాలో ఆమె మళ్లీ రెండువైపులా ఒక్కతే ఆడుకుంటుందే అన్నదే బెంగ.

అదుగో, ఆ బెంగకు మందులా కనిపించింది ఎలక్ట్రానిక్ చదరంగం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఓ షాపు అద్దాల వెనక పెట్టారు. మనం పావు జరిపితే దానికి తెలుస్తుందట. అది ఎక్కడికి జరపాలనుకుంటే ఆ గడిలో దీపం వెలుగుతుందట. దాని ధరకు మంచి కుట్టుమిషనే వచ్చేస్తుంది. అయినా మనిషికి బదులు మనిషంతటిది కదా అనుకున్నాను. కొనేముందు ఆమెకు ఓసారి చూపించాలని, బంద్ లేని ఒక రోజు వెంటబెట్టుకుని వెళ్లాను.

ఆమె దాన్ని రైతుబజార్‌లో సొరకాయను చూసినట్టు చూసింది. గోటితో గిల్లలేదు, అంతే తేడా.

"గిది మాట్లాడ్తదా?" అని షాపతన్ని అడిగింది.

"మాట్లాడ్తదమ్మా, ఇంగ్లీష్‌ల."

"ఓడిపోతే అలుగుతదా?"

అతను నా వైపు చూశాడు. నేను అద్దాల వైపు చూశాను.

స్టూలు వేయించుకుని ఆడటం మొదలుపెట్టింది. దీపాలు వెలుగుతుంటే ముచ్చటపడింది కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో రాజును దూకించింది. బోర్డు కీచుమంది. వెనక్కి పెట్టి, ఈసారి నెమ్మదిగా, దానికి అర్థమయ్యేలా దూకించింది. మళ్లీ కీచుమంది.

"దీనికి జర నేర్పియ్యి నాయినా" అంది షాపతనితో.

"నేర్పరాదమ్మా. కంపెనీల్నే గట్ల చేసిన్రు."

సరే పాపం అని దాని దారిలోనే ఆడింది. కాసేపటికి అది మంత్రిని లేపేసింది. ఒక మాట లేదు, హెచ్చరిక లేదు. ఆమె దీపం వెలిగిన ఆ గడి వైపు కాసేపు చూసి, చీర దులుపుకుని లేచింది. "చెప్పకుండ కొట్టింది" అంది. అతను, అమ్మా తేలిక లెవెల్ పెడతాను అంటూ వెంటబడ్డాడు. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

ఆటోలో చైతన్యపురి దాటాక నెమ్మదిగా అడిగింది.

"ఎప్పుడు పోతున్నరు?"

నేను తెల్లబోయాను. ఆమెకు నేనేమీ చెప్పలేదు.

"నాకెర్కే. నువ్వు ఈడనే ఉండేదుంటే నాకు డబ్బా ఎందుకు కొనిస్తవ్? మంత్రి మీదికొస్తెనే చెప్తం గద. ఇల్లు ఖాళీ చేసేది చెప్పవా?"

"ఇంకా ఏమీ అనుకోలేదండీ. మా అమ్మ కంగారు పడుతోంది."

"అమ్మ గద, పడ్తది. పోతే పో బిడ్డా, మంచిగ పంపిస్త. గని నీ జాగల డబ్బా పెట్టి పోకు. దానితోని నేనేం ముచ్చట పెట్టాలె?"

ఆటో చప్పుడులో నా ఏడుపు వినిపించలేదనే అనుకుంటున్నాను. ఆమె మాత్రం కొంగు చివర నా చేతిలో పెట్టి, బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన విని, "వెళ్దామంటే వెళ్దాం. కానీ అక్కడ నీతో ఎవరు ఆడతారు? నన్ను మాత్రం అడక్కు" అన్నాడు. బదిలీ సంగతి అంతటితో సరి. మేం ఎందుకు ఉండిపోయామని చుట్టాలు అడిగితే ఉద్యోగాలని చెప్పాం. ఇన్నాళ్లకు మీతో అసలు కారణం చెబుతున్నాను.

రాష్ట్రం ఖాయమైన సాయంత్రం వీధంతా టపాకాయలు, డప్పులు. అమ్మ ఫోన్లో చెప్పిందని తలుపులు వేసుకుని టీవీ ముందు కూర్చున్నాం. ఎవరో తలుపు తట్టారు. నేను టీవీ శబ్దం తగ్గించేశాను. మా ఆయన తీశాడు. మోకాళ్ల నొప్పులతో ఎన్నడూ పైకెక్కని మనిషి, ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు నుంచి మెడదాకా గులాబీ రంగు గులాల్. చంకలో బోర్డు, చేతిలో లడ్డూల పొట్లం.

"దిగి రాలేదేంది? భయపడ్డవా? ఈడ నేను లేనా?" అంది. అరచేత్తో నా రెండు చెంపలకూ రంగు పూసింది. మా ఆయన నోట్లో లడ్డూ పెట్టింది. చెయ్యి కూడా కడుక్కోకుండా నేల మీద కూలబడి పావులు పేర్చడం మొదలుపెట్టింది. ఆ రోజు ఎవరు గెలిచారో గుర్తులేదు, ఎంత నవ్వామో గుర్తుంది.

ఆమె పోయిన పదకొండో రోజు భోజనాలయ్యాక ఆమె కొడుకు ఆ బోర్డు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఇంటికొచ్చి పావులు తీసి చూశాను. తెల్ల రాజు మెడ దగ్గర, చెక్కిన గాట్ల లోపల, ఆమె వేళ్లు పట్టుకున్న చోట, ఆ గులాబీ రంగు ఇంకా అలాగే ఉంది.