అండీకీ ఒరేయ్‌కీ మధ్య మా పెదనాన్న

నిన్న పొద్దున బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది. పెదనాన్న పోయాడు.

పచ్చలైటు పడినా బండి కదిలించలేకపోయాను.

బందరు నుంచి చేపలు తెచ్చి బెజవాడలో అమ్మిన మనిషి. ఆయన గొంతు విన్నాకే మా వీధి లేచేది. పక్షవాతంతో ఆ గొంతే పడిపోయింది. బుర్ర మాత్రం పాదరసం. చెప్పాలనుకున్నది నోటికి రాదు, టైప్ చేయడం చేతకాదు. చాట్ యాప్ ఇస్తే ఫోన్ విసిరికొట్టాడు.

నా ఉద్యోగం స్క్రీన్లు డిజైన్ చేయడం. అందుకని ట్యాబ్‌లో బొమ్మల పలక ఒకటి తయారుచేశాను. పెద్దమ్మ ఫోటో, అన్నం, చేప, కోపం ముఖం... కావలసినవి వేలితో ఒకచోటికి జరిపితే చాలు, AI వాటిని చూసి వాక్యం అల్లి పైకి చదువుతుంది. బొమ్మ పెద్దది చేస్తే మాట ఘాటెక్కుతుంది.

మొదటి రోజే చేపలబ్బాయి వచ్చాడు. పెదనాన్న మొప్ప ఎత్తి చూశాడు. చేప పక్కన కోపం ముఖం పెట్టి, స్క్రీన్ నిండా సాగదీశాడు.

ట్యాబ్ అంది: "క్షమించండి, ఈ చేప అంత తాజాగా లేదేమోనండీ."

చేపలబ్బాయి పగలబడి నవ్వాడు. పెదనాన్న కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఇది ఆయన మాట కాదురా. బ్యాంకు మేనేజరెవరో మాట్లాడుతున్నట్టుంది," అంది పెద్దమ్మ.

నిజమే. జన్మలో ఎవర్నీ అండీ అనని మనిషి నోట్లో కృష్ణా జిల్లా మర్యాదంతా కుక్కేశాను.

ఆ రాత్రే బొమ్మల పక్కన పైకీ కిందకీ జరిపే స్లైడర్ ఒకటి పెట్టాను. పైన అండీ, కింద ఒరేయ్. మర్నాడు చేపలబ్బాయి రాగానే పెదనాన్న దాన్ని అట్టడుక్కి లాగాడు.

"ఒరేయ్, మొన్నటి చేప నాకే అంటగడతావా? తీసుకుపో ఎదవా!"

పెద్దమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది. "ఆయనే. మా ఆయనే మాట్లాడాడు."

ఆ తర్వాత వీధిలో తిట్లు తినని వాడు లేడు. తిన్నవాళ్ళంతా సంతోషంగా వెళ్ళేవాళ్ళు.

పోయిన వారం పెద్దమ్మకి జ్వరం. అయినా ఆయనకి ముద్దలు కలిపి పెడుతోంది. పెదనాన్న నోరు తెరవలేదు. ఆవిడ ఫోటో, అన్నం పళ్ళెం పక్కపక్కన పెట్టాడు. ఫోటో పెద్దది చేశాడు.

"ముందు మీరు తినండి. మీరు తినకపోతే నాకు ముద్ద దిగదండీ."

పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ విన్నది ఒసేయ్ ఒక్కటే.

"మిషను పాడైనట్టుంది, చూడరా."

చూశాను. స్లైడర్ పైదాకా ఉంది. పెదనాన్న వేలు ఇంకా దాని మీదే ఉంది.

ఈ పొద్దున పక్కింటివాళ్ళు అన్నం పంపారు. ఎవరు బతిమాలినా పెద్దమ్మ ముట్టలేదు. కాసేపటికి తనే పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

తింది పెదనాన్నా. ఇక నిశ్చింతగా పడుకో.