పచ్చ వైరు

ఒక చిన్న మాట ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. అది బూతు కాదు, శాపనార్థం కాదు. ఒక రంగు పేరు. దాన్ని మింగలేక, బయటికి కక్కలేక ప్రాణం విసిగిపోయింది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. తెలిసినవాళ్లకైతే ఏదో ఒక సాకు కలిపి చెప్పేవాణ్ణి, నాకు ఆ అలవాటుంది. మీ దగ్గర మాత్రం ఉన్నదున్నట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నేను గేమ్ మెషీన్లు బాగుచేస్తాను. మాల్స్‌లో పిల్లలు టోకెన్ వేసి ఆడతారే, అవి. మాది తణుకు వైపు. చెన్నై వచ్చి, అంబత్తూరులో ఒక షెడ్డులో పని నేర్చుకుని, అక్కడే ఉండిపోయాను. ఈ పనిలో ఆట ఏమీ ఉండదు. జనం టోకెన్ బదులు చొక్కా గుండీలు, వాషర్లు, ఐస్‌క్రీం పుల్లలు కుక్కుతారు. టోకెన్ వేశాక ఆట తాలూకు క్రెడిట్ పడకపోతే మెషీన్ని తంతారు. తన్నాక ఒక్కోసారి నిజంగానే పడుతుంది. దాంతో తన్నడమే వైద్యమని తీర్మానించుకుంటారు. ఇలాంటివాళ్లతో వేగి వేగి నా నోరు ఎప్పుడూ కసురుకుంటూనే ఉంటుంది. ఇది సాకు కాదు. చూశారా, అప్పుడే మొదలుపెట్టాను.

షోళింగనల్లూరులో ఒక గేమ్ జోన్ ఉండేది. అక్కడ నలుగురు పక్కపక్కన కూర్చుని ఆడే కారు రేసు మెషీన్ ఒకటి. సీటుకొక టోకెన్ పెట్టె. ఏ సీటులో టోకెన్ వేస్తే ఆ సీటుకే ఆట రావాలి. ఒక ఆదివారం మూడో సీటులో వేసిన టోకెన్‌కు రెండో సీటులో క్రెడిట్ పడటం మొదలైంది. మూడో సీటులో ఒకాయన కొడుకు, రెండో సీటులో ఇంకొకాయన కూతురు. ఈయన టోకెన్లు వేస్తున్నాడు, ఆ పిల్ల హాయిగా ఆడుకుంటోంది. తండ్రులిద్దరూ ఒకరి వంశాన్ని ఒకరు తవ్వుకుంటున్నారు. ఇదంతా నాకు అంబత్తూరులో ఫోనులోంచి వినిపిస్తోంది.

ఫోను చేసింది స్టెల్లా అక్క. ఆ జోన్‌ను చూసుకునేది ఆవిడే. సొంతిల్లు రాయపురం, తాతల నాటి నుంచీ ఆడనే ఉన్నాం అంటుంది. మాట తెలుగే అయినా అందులో సగం తమిళం. నాకంటే పెద్దది, నన్ను తంబీ అని పిలిచేది. ఇరుక్కున్న టోకెన్లు తీయడం, మెషీన్ తలుపు తెరిచి మూయడం ఆమెకు కొత్త కాదు. ఆదివారం ట్రాఫిక్‌లో అంత దూరం వెళ్లి ఒక్క వైరును ఒక్క పిన్ను పక్కకు జరపడానికి నాకు బద్ధకం వేసింది. ఆ వైరును ముందు వారం తప్పు పిన్నులో పెట్టింది కూడా నేనే. అందుకే ఇంకా చిరాకు.

"పచ్చ వైరక్కా, పచ్చ వైరు! పీకి పక్క పిన్నులో పెట్టు. అంతే. దీనికింత గోలేంటి?" అని ఫోను పెట్టేశాను.

ఇప్పుడు అసలు సంగతి. మా వైపు పసుపు రంగును పచ్చ అంటాం. ఆకుల రంగైతే ఆకుపచ్చ అంటాం. తమిళంలో పచ్చై అంటే ఆకుల రంగే, ఇంకోటి కాదు. తమిళం మధ్య పుట్టి పెరిగిన స్టెల్లా అక్కకు తెలుగులోనూ పచ్చ అంటే అదే. పసుపు రంగు తమిళంలో మంజళ్, ఆమె మంజ అంటుంది. ఇది నాకు తెలియదా? చెన్నైలో బట్టల కొట్టుకు వెళ్లిన ప్రతిసారీ ఇదే తంటా పడ్డవాణ్ణి, ఎందుకు తెలియదు! కానీ విసుగులో నోట్లోంచి వచ్చేది ఇంటి మాటే.

టోకెన్ పడిందని, ఆట నడిపే బోర్డుకు చెప్పే వైరు పసుపుది. నేను జరపమన్నది దాన్ని. దాని పక్కనే టోకెన్ పెట్టెకు కరెంటు తెచ్చే వైరు ఉంటుంది. అది ఎర్రగా ఉండాలి. ఆ మెషీన్‌కు వైర్లు లాగిన రోజు షెడ్డులో ఎర్ర వైరు చుట్ట అయిపోయింది. ఆకుపచ్చ చుట్ట చేతికందింది. తర్వాత మారుద్దాంలే అనుకుని దాన్నే వేశాను. మార్చలేదు. స్టెల్లా అక్క నేను చెప్పినట్టే, తన భాషలో పచ్చగా ఉన్న వైరును పీకి పక్క పిన్నులో పెట్టి స్విచ్ వేసింది. కరెంటు నేరుగా బోర్డులోకి వెళ్లింది. బోర్డు కాలిపోయింది. నాలుగు సీట్లూ ఒకేసారి చచ్చిపోయాయి.

నేను వెళ్లి మెషీన్ తలుపు తెరిచాను. ఆకుపచ్చ వైరును ఆ పిన్నులో చూడగానే మొత్తం అర్థమైంది. అంటే, నేను ఆ జోన్ ఓనరు గదిలోకి అడుగుపెట్టేటప్పటికే నాకు అంతా తెలుసు. ఇది మరిచిపోకండి. నేను మరిచిపోవాలని చాలా చూశాను.

ఓనరు తమిళుడు. "ఏ వైరు చెప్పావు?" అని తమిళంలో అడిగాడు.

"మంజళ్, సార్," అన్నాను.

స్టెల్లా అక్క నా వైపు తిరిగింది. "ఏం తంబీ, పచ్చ అని కదా చెప్పినావు? రెండు తూర్లు చెప్పినావే!"

"లేదక్కా. ఈ గోలలో నీకు సరిగా వినపడి ఉండదు."

ఆమె గొడవ చేయలేదు. చేసి ఉంటే బాగుండేది. చెవి మీద చెయ్యి పెట్టుకుని, "అట్లా అయ్యుంటాదా?" అంది. నన్ను కాదు, తనని తనే ప్రశ్నించుకుంది.

రోజంతా మెషీన్ల హోరులో ఉండి ఈమెకు చెవులు పోయాయి, ఇలాంటి మనిషి మెషీన్ల దగ్గర వద్దు అన్నాడు ఓనరు. ఆ వారమే పని మాన్పించాడు. ఆ చెవుల ముచ్చట అతనికి అందించింది ఎవరు? నేనే. అడక్కుండానే అందించాను.

అప్పట్నుంచి నాతో నేను వాదించుకుంటూనే ఉన్నాను. మంజళ్ అనడం అబద్ధమా? నేను అనుకున్న రంగు అదే కదా? అవును, అనుకున్నది చెప్పాను. అన్నది చెప్పలేదు. అడిగింది అన్నదాన్ని గురించి. "సార్, మా ఊళ్లో పసుపును పచ్చ అంటారు, పొరపాటు నా మాటది" అని ఉంటే ఎంతసేపు పట్టేది? కానీ అలా అంటే, ఆకుపచ్చ వైరులో కరెంటు ఎందుకుంది అని తరువాతి ప్రశ్న వస్తుంది. ఎర్ర చుట్ట కొనడానికి నాలుగడుగులు వేయని నా బద్ధకం బయటపడుతుంది. దాన్ని దాచడానికి ఒక మనిషి చెవులు పోగొట్టాను. ఇంత అల్పమైన కారణానికా? పోనీ పెద్ద కారణమైనా ఉంటే నన్ను నేను కొంచెం గౌరవించుకునేవాణ్ణేమో. నా మొహం!

ఆ తర్వాత నేను పనిలో రంగులు పలకడం మానేశాను. ప్రతి వైరుకూ కాగితం ముక్క చుట్టి అంకె వేస్తాను. భలే జాగ్రత్త మనిషని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఈమధ్య రాయపురంలో చేపలు కొనడానికి వెళ్లాను. ఒక బల్ల వెనక స్టెల్లా అక్క కూర్చుని ఉంది. చెల్లెలి కొట్టట. ముందు నన్ను చూడలేదు. వచ్చినవాళ్లు ఏది అడిగినా "ఇంకోతూరి చెప్పండి" అంటోంది. వాళ్లు చెబుతున్నారు. మళ్లీ "ఇంకోతూరి" అంటోంది. ఒకామె విసుక్కుని పక్క బల్లకు వెళ్లిపోయింది. నేను పారిపోదామనుకునేలోపే నన్ను గుర్తుపట్టింది.

"తంబీ! బాగుండావా?" అని నవ్వి, తనే చెప్పుకొచ్చింది. "చెవి డాక్టరుకు చూపించినాను. టెస్టులన్నీ చేసి బాగుందనే చెప్తాడు. ఆ మిషనుకేం తెలుసు పా? ఆ పొద్దు నువ్వు చెప్పబట్టి నాకు తెలిసింది. లేకుంటే ఇంకా ఏమేం కాల్చేసుందునో. అప్పుట్నించీ ఎవురేం చెప్పినా రెండు తూర్లు అడిగి తెలుసుకుంటా."

అంటే నాకు కృతజ్ఞత చెబుతోంది! డాక్టరు మాట నమ్మలేదు, తన చెవుల్ని తను నమ్మలేదు, నన్ను నమ్మింది. నేనేం చేశాను? ఆ క్షణంలో చెప్పేయొచ్చు కదా? నోరు తెరిచాను. "వంజరం చేప ఒకటి ఇవ్వక్కా" అన్నాను. "ఇంకోతూరి చెప్పు తంబీ" అంది. మళ్లీ చెప్పాను. మంచి చేప ఏరి ఇచ్చింది. ఇంటికి తెచ్చుకుని తిన్నాను కూడా. రుచిగానే ఉంది. దానికి ఇంకా ఒళ్లు మండింది.

ఆమెకు చెబుతానో లేదో నాకే తెలియదు. చెబుతానని మీకు మాట ఇచ్చి మంచివాణ్ణి అనిపించుకోను. మీరు క్షమించేదీ ఏమీ లేదు. పోయింది మీ చెవులు కాదు కదా. ఆమెకు మల్లే మీరూ అడిగారనుకుని రెండుసార్లు చెబుతాను, అంతే. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఈ నోటితో అన్నానన్న ఊరట నాకుంటుంది.

ఆ ఆదివారం నేను ఫోనులో అన్న మాట పచ్చ. స్టెల్లా అక్క సరిగ్గానే విన్నది.

ఇంకోసారి చెబుతున్నాను. సరిగ్గానే విన్నది.